ఇచ్చిన రాజీనామా వెనక్కి తీసుకున్నాను

ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మార్చి 31 నా ఆఖరి రోజు అని రాసి, జనవరిలోనే రాజీనామా ఇచ్చాను. మావారికి విశాఖపట్నం ట్రాన్స్‌ఫర్ ఖాయమని ఆయన ఆఫీసులో చెప్పడంతో, బాబుకి అక్కడ స్కూలు కూడా చూసుకున్నాం. ఫిబ్రవరి చివర్లో ఆ ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది. ఇల్లు ఇక్కడే, ఆయన ఉద్యోగం ఇక్కడే, నాది మాత్రం నెలలో పోతుంది. పైగా రాజీనామా ఆమోదించామని స్కూలు వాళ్ళ లెటర్ కూడా అప్పటికే నా చేతికొచ్చేసింది.

ఆ లెటర్ దగ్గరే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. మా ఆఫీసు క్లర్కు కూడా "యాక్సెప్ట్ అయిపోయాక ఇంకేటుంది మేడమ్" అన్నాడు. బరంపురం కోర్టులో ప్రాక్టీసు చేసే మా బాబాయికి ఫోన్ చేస్తే ఆయన ఆమోదం గురించి అడగనేలేదు.

"ఏ తేదీ నుంచి మానేస్తానని రాశావమ్మా?"

"మార్చి 31 తర్వాత, బాబాయ్."

"ఇంకా మార్చే రాలేదు కదా! ఆ రోజు దాకా నువ్వు ఉద్యోగివే. రేపే రాసిచ్చెయ్."

అప్పుడు ఆయన చెప్పిన కేసు నాకు కొండంత ధైర్యమిచ్చింది. 1977 మేలో అలహాబాద్ హైకోర్టు జడ్జి ఒకరు ఆగస్టు 1 నుంచి తప్పుకుంటానని రాష్ట్రపతికి రాశారు. జూలై 15న మనసు మార్చుకుని, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని మళ్ళీ రాశారు. అలా కుదరదని కొందరు కోర్టుకెళ్ళారు. రాబోయే తేదీ పెట్టి ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ వచ్చేలోపు వెనక్కి తీసుకోవచ్చని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉద్యోగుల కేసుల్లో ఇప్పటికీ ఆ తీర్పునే చూపిస్తారట. 2024లో కొంకణ్ రైల్వే ఉద్యోగి ఒకాయన కూడా ఇలాంటి కేసే గెలిచారు. రాజీనామా ఆమోదించామని సంస్థ వాదించినా, ఆ ఆమోదం ఆయనకి అందినట్టు రుజువు లేకపోయింది. పైగా మధ్యలో ఆయన్ని డ్యూటీకి కూడా పిలిచారు.

బాబాయి ఉన్న మాట కూడా చెప్పారు. 2019లో ఒక పైలట్ కేసులో తీర్పు ఉద్యోగికి వ్యతిరేకంగా వచ్చింది. పైలట్లకి ఆరు నెలల నోటీసు పెట్టింది ప్రయాణికుల కోసం, సంస్థ ఇంకొకరిని సిద్ధం చేసుకోవడానికి, కాబట్టి ఆ మధ్యలో వెనక్కి తీసుకోవడం కుదరదని కోర్టు అంది. మన అపాయింట్‌మెంట్ ఆర్డర్లో ఇలాంటి షరతేమైనా ఉందేమో ముందే చూసుకోవాలి. నా దాంట్లో లేదు. ఇంకో సంగతి, ప్రైవేటు యాజమాన్యం వద్దని మొండికేస్తే, తిరిగి చేర్చుకోమని కోర్టు చేత చెప్పించడం తేలిక కాదు. పైగా టీచర్లు అప్పటి కార్మిక వివాదాల చట్టం కిందికి రారని 1988లోనే తీర్పు వచ్చింది. "కాగితం గట్టిగా ఉండాలి, మాట మెత్తగా ఉండాలి" అన్నారాయన.

లెటర్ చిన్నదే రాశాను. ఫలానా తేదీన ఇచ్చిన రాజీనామా ఇంకా అమల్లోకి రాలేదు, దాన్ని ఉపసంహరించుకుంటున్నాను, యథాప్రకారం ఉద్యోగంలో కొనసాగుతాను, అంతే. కారణం ఒక్క వాక్యంలో ముగించాను. "దయచేసి అనుమతించండి" అనే మాట మొదట రాసి కొట్టేశాను. అడుగుతున్నట్టు రాస్తే కాదనే వీలు వాళ్ళకి మనమే ఇచ్చినట్టు.

క్లర్కు తీసుకుని ట్రేలో పడేయబోయాడు. నేను కదల్లేదు. ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఎక్కించి, నా కాపీ మీద స్టాంపు వేసి, నంబరు, తేదీ రాసి, సంతకం పెట్టేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. స్టాంపులో తేదీ సరిగా పడకపోతే మళ్ళీ వేయించాను. సాయంత్రం అదే లెటర్ స్కూలు మెయిల్‌కీ పంపాను. స్టాఫ్‌రూమ్‌లో "ప్రిన్సిపాల్ గారికి నోటితో చెబితే పోయేదానికి ఇంత ఎందుకు" అన్నవాళ్ళున్నారు. రేపు తేదీల దగ్గర పేచీ వస్తే నోటిమాటకి సాక్ష్యం ఎవరు?

నన్ను నిజంగా బాధపెట్టింది వేరే. నా స్థానంలోకి గుణుపూర్ నుంచి ఒక అమ్మాయిని ఎంపిక చేశారని విన్నాను. బీఈడీ పూర్తయ్యాక ఆమెకిది మొదటి ఉద్యోగం. నా హక్కు నాదే, కానీ ఆ అమ్మాయి ఇంట్లో కూడా శుభవార్త చెప్పేసి ఉంటుంది కదా! ఆమెకి ఆర్డర్ ఇచ్చేస్తే నన్ను కాదనడానికి యాజమాన్యానికి అదొక సాకవుతుందని బాబాయి హెచ్చరించారు కూడా. ప్రిన్సిపాల్ మేడమ్‌ని నేరుగా అడిగాను. ఆవిడ ఒడియా వాళ్ళే, తెలుగు మనలాగే మాట్లాడతారు. ఆర్డర్ ఇంకా వెళ్ళలేదన్నారు. "కొత్త సెక్షన్లు పెడుతున్నారు కదా మేడమ్, కింది తరగతుల లెక్కలు ఆ అమ్మాయికి ఇవ్వండి. అవసరమైతే నా పీరియడ్లు కొన్ని తగ్గించండి" అన్నాను. నన్ను ఉంచుకోమన్న దానికంటే గట్టిగా ఆ మాటే అడిగాను.

మేనేజ్‌మెంట్ మీటింగు అయ్యేదాకా జవాబు లేదు. ఆ రోజుల్లో ఒక్క సెలవు కూడా పెట్టలేదు, క్లాసులు మానలేదు, లెక్కలన్నీ తీరాయని రాసే నో డ్యూస్ ఫారం మీద సంతకం పెట్టలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నా మనసంతా ఆఫీసు వైపే ఉండేది. చివరికి ఒప్పుకున్నారు. ఆ లెటర్లో సర్వీసుకి బ్రేక్ లేదన్న ముక్క లేదు. అడిగి రాయించుకున్నాను. గ్రాట్యుటీ లెక్క మొదట చేరిన తేదీ నుంచే రావాలంటే అది ఉండాలి. ప్రైవేటు టీచర్లకీ గ్రాట్యుటీ ఉంది. 2009లో చట్టం సవరించి 1997 నుంచి వర్తింపజేశారు, 2022లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. ఈ సంగతి మా స్టాఫ్‌రూమ్‌లోనే చాలామందికి తెలియదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే రాజీనామా అమల్లోకి వచ్చాక కూడా, కొన్ని షరతుల మీద, ప్రజాప్రయోజనం ఉందనుకుంటే తిరిగి చేరనిచ్చే వీలు పెన్షన్ రూల్స్‌లో ఉంది. కానీ మధ్యలో ఖాళీ 90 రోజులు దాటకూడదు. మాలాంటి వాళ్ళకి అలాంటిదేమీ లేదు, ఆఖరి రోజులోపే చూసుకోవాలి.

పీఎఫ్‌లో నేను మానేసినట్టు ఎగ్జిట్ డేట్ ఎక్కించేశారేమోనని అది కూడా చూసుకున్నాను, ఎక్కించలేదు. ఏప్రిల్ జమ పాత మెంబర్ ఐడీలోనే పడింది. గుణుపూర్ అమ్మాయి ఇప్పుడు ఆరు, ఏడు తరగతులకి లెక్కలు చెబుతోంది. ఎనిమిది నుంచి పైవి నావి.