‘పోతన గారూ’ లెక్కలో బీథోవెన్ ఏడో సింఫనీ రెండో భాగం

నోటితో ‘పోతన గారూ, పోతన గారూ’ అని ఆగకుండా అనండి. పో గురువు, త, న లఘువులు, గా, రూ గురువులు. భగణం, వెంటనే గగం. నాలుగు మాత్రలకు ఒక బార్, ఇంకో నాలుగు మాత్రలకు ఇంకో బార్. బీథోవెన్ ఏడో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన కృతి) రెండో భాగాన్ని నడిపించేది ఈ ఐదు అక్షరాలే. బమ్మెర చుట్టుపక్కల వాళ్లకు ఇంతకంటే తేలికైన కొండగుర్తు దొరకదు. డప్పు చేతికి అందుబాటులో ఉంటే గురువులను సిర్రతో, లఘువులను సిటికెన పుల్లతో కొట్టి చూడండి, ఐదు నిమిషాల్లో చేతికెక్కుతుంది.

ఇక వేగం. స్కోరు (అచ్చేసిన స్వరలిపి) మీద ఉన్న మాట ‘అల్లెగ్రెట్టో’, అంటే ఓ మోస్తరు చురుకు. 1817లో బీథోవెన్ తన సింఫనీలకు మెట్రోనోమ్ (వేగం చూపడానికి టిక్ టిక్ కొట్టే యంత్రం) అంకెలు అచ్చు వేయించినప్పుడు దీనికి ఇచ్చింది నిమిషానికి 76 గురువులు. సింఫనీ మొదటిసారి వినిపించింది వియన్నాలో, 1813 డిసెంబర్ 8న, గాయపడ్డ సైనికుల సహాయార్థం జరిగిన కచేరీలో. ఆ రోజే జనం ఈ భాగాన్ని మళ్లీ వాయించమని పట్టుబట్టారు. ఆ కచేరీ ఏర్పాట్లు చూసిన మేల్‌జెల్ పేరే తర్వాత మెట్రోనోమ్‌కు అతుక్కుంది.

కానీ చాలా రికార్డింగుల్లో ఇది 76లో ఉండదు. విషాదం కదా అని నెమ్మదిగా లాగుతారు. మీ దగ్గరున్న రికార్డింగ్ ఎంతలో ఉందో తేల్చుకోవడానికి వేగం కొలిచే యాప్ అక్కర్లేదు, గడియారం చాలు. మొదట గాలి వాద్యాలు ఒక పొడుగు కార్డ్ (ఒకేసారి పలికే కొన్ని స్వరాలు) పట్టి వదిలేస్తాయి. దాని తర్వాత వయోలాలు, చెల్లోలు, బాస్‌లు కింది స్థాయిలో ‘పోతన గారూ’ అందుకుంటాయి. అక్కడ గడియారం నొక్కండి. రెండో వయొలిన్లు అదే వరస ఎత్తుకోగానే ఆపండి. ఆ మధ్య 24 బార్లు, గురువుకు ఒక దెబ్బ లెక్కన బార్‌కు రెండు, అంటే 48 దెబ్బలు. 48ని 60తో గుణిస్తే 2880. దాన్ని వచ్చిన సెకన్లతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. 38 సెకన్లు వస్తే 76. 48 వస్తే 60. 57 దాటితే 50కి దిగినట్టే, అది నా చెవికి చావు డప్పు.

యాప్‌నే నమ్ముకుంటే రెండు చోట్ల బోల్తా పడతారు. లఘువులను దెబ్బలుగా లెక్కేసి 152 అంటుంది, లేదా బార్‌కు ఒకటే పట్టుకుని 38 అంటుంది. రెండోది, ఫోన్ స్పీకర్‌లో ఆ కింది వరస దాదాపు వినిపించదు, ఎందుకంటే అక్కడ రాసిందే తక్కువ శబ్దంతో వాయించమని. హన్మకొండ చౌరస్తా రొదలో అయితే ఆశ వదులుకోవాల్సిందే. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

శ్రుతి విషయంలో ఇంకో తికమక ఉంది. స్కోరు పైన ‘ఏ మేజర్’ (A major) అని ఉంటుంది. అది మొత్తం సింఫనీ పేరు, ఈ భాగం మాత్రం ఏ మైనర్. హార్మోనియం మీద ఆరో తెల్లమెట్టును సా చేసుకోండి, మన లెక్కలో ఆరు శ్రుతి. పాత తరహా వాద్యాలతో చేసిన రికార్డింగుల్లో ‘ఏ’ (A) అనే స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి బదులు 430 దగ్గర పెట్టుకోవడం ఉంది. అది 40 సెంట్లు తక్కువ (అర మెట్టుకు 100 సెంట్లు), దాదాపు అర మెట్టులో సగం. అలాంటి దానితో కలిపి వాయిస్తే మీ హార్మోనియమే తప్పు పలుకుతున్నట్టు ఉంటుంది. తప్పు దానిది కాదు.

సంగీతం నేర్చుకున్నవాళ్లు వినగానే ‘కీరవాణి’ రాగం అనేస్తారు. సగమే నిజం. కాకలి నిషాదం (పై ని) వినిపించిన మాట నిజమే, కానీ వరస మొదటి పాదం తిరిగేసరికి సి మేజర్‌లో వాలుతుంది, అక్కడ నిషాదం కైశికి (కింది ని). అంటే నఠభైరవి గాంధారాన్ని సా చేసినట్టు, గ్రహభేదంలో (సా చోటు మారిస్తే ఇంకో రాగం వచ్చే పద్ధతిలో) శంకరాభరణం. ఎక్కడా చెప్పకుండా సా జరిగిపోతుంది, తిరిగి వస్తుంది. ఆ దిగులులో వెలుగు మినుకుమనేది అందుకే.

100 బార్లు దాటాక వచ్చేది వేరే శంకరాభరణం. సా కదలదు, ఆరు శ్రుతిలోనే గాంధారం అంతరమవుతుంది (పై గా), ఏ మేజర్. క్లారినెట్లు, బసూన్లు తీయగా పాడుతుంటాయి, మొదటి వయొలిన్లు దెబ్బకు మూడు చొప్పున తిస్రంలో పారుతుంటాయి. అప్పుడు బాస్‌లను పట్టుకుని వినండి: తీగ మీటుతూ ఇంకా ‘పోతన గారూ’ అంటూనే ఉంటాయి. పైన మారిందంతా రంగు, కింద నడక అదే. 76లో ఈ చోటు సుమారు 2 నిమిషాల 40 సెకన్లకు వస్తుంది. ఇక్కడికి రాగానే వేగం ఇంకా తగ్గించే కండక్టర్లు (వాద్యబృందాన్ని నడిపించేవాళ్లు) ఉన్నారు. తిస్రం సాగదీసినట్టయి, కింద చతురశ్రం (నాలుగు లెక్క) కాళ్లు తడబడతాయి.

మొత్తం 278 బార్లు, 76లో 7 నిమిషాల 20 సెకన్లు. కండక్టర్ కార్లోస్ క్లైబర్ వియన్నా ఫిల్హార్మోనిక్ బృందంతో 1970లలో చేసిన రికార్డింగ్ 8 నిమిషాలకు కాస్త పైన ఉంటుంది, సగటున 70కి దగ్గర. మొదటిసారి వినేవాళ్లకు అదే ఇవ్వండి.

ఒకటి మాత్రం జాగ్రత్త. చివర్లో వరస ముక్కలై ఒక వాద్యం నుంచి ఇంకోదానికి పోతుంది. వయొలిన్లు ఆఖరున విల్లు పట్టాలని అచ్చు స్కోరులో ఉంటుంది. క్లైబర్ రికార్డింగ్‌లో మాత్రం ఆఖరిదాకా మీటుడే. స్కోరు చూస్తూ వినేవాళ్లు పుట తప్పామని వెనక్కి తిప్పుతారు, తిప్పొద్దు. ఆ వెంటనే మొదటి కార్డే మళ్లీ వస్తుంది, ఏ మైనరే, కానీ అడుగున సా కాదు, పా. అందుకే ముగిసినా దిగినట్టు ఉండదు.