నక్క బొరియ ఎక్కడుందో పిల్లలకు తెలియాలి

ఇంగ్లండులో పెరుగుతున్న పిల్లలకు తెలుగు కథలు చెప్పేటప్పుడు మనం నక్కను జిత్తులమారిగానే పరిచయం చేస్తాము. అదే నక్క ఇక్కడి ఇళ్ళ వెనుక తోటల్లో, పనిముట్లు దాచుకునే చెక్క గదుల కింద పిల్లల్ని పెడుతుందన్న సంగతి మాత్రం చెప్పము. తాము నడిచే నేల అడుగున ఎవరు కాపురముంటున్నారో పిల్లలు తెలుసుకోవాలని, ఆ ముచ్చట ఇంట్లో తెలుగులోనే సాగాలని నా గట్టి కోరిక.

మేముండే చిల్టర్న్ కొండల్లో నేల అడుగున సుద్దరాయి ఉంటుంది కనుక నీరు త్వరగా ఇంకిపోతుంది. అడవి అంచున, ఏటవాలు నేలలో, చెట్ల వేళ్ళు మట్టిని పట్టి ఉంచే చోట, ముఖంపై నలుపు తెలుపు చారలుండే బ్యాడ్జర్లు అనే జంతువులు సొరంగాలు తవ్వుకుంటాయి. పెద్ద నివాసానికి పదికి పైగా ద్వారాలు, లోపల వంద మీటర్లు దాటిన దారులు ఉండవచ్చు. ఒకే నివాసంలో తరాల తరబడి బ్యాడ్జర్లు బతుకుతాయి. ద్వారం ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువగా ఉంటుంది, ముందు మట్టి కుప్ప కనిపిస్తుంది. బ్యాడ్జర్ ఎండుగడ్డిని గడ్డానికీ ముందుకాళ్ళకూ మధ్య అదిమిపట్టి, వెనక్కి నడుస్తూ లోపలికి లాక్కుపోయి పడక పరుచుకుంటుంది, పాతబడిన గడ్డిని బయట పారేస్తుంది. మలవిసర్జనకు బయట వేరుగా గుంటలు తవ్వుకుంటుందని విన్నప్పుడు మా అమ్మాయికి దానిపై గౌరవం కలిగింది.

నక్క తానుగా తవ్వుకోగలదు గానీ, కుందేలు బొరియనో, బ్యాడ్జర్లు వాడని భాగాన్నో వెడల్పు చేసుకోవడం దానికి సులువు. చీమలు పెట్టిన పుట్ట పాములకు నెలవైనట్టే ఇదీను. ఘాటైన వాసన, ద్వారం దగ్గర పడి ఉన్న ఈకలు, ఎముకలు దాని ఆనవాళ్ళు. ఏడాదిలో చాలా కాలం అది పొదల్లోనే పడుకుంటుంది; బొరియ అవసరమయ్యేది ముఖ్యంగా మార్చి ప్రాంతంలో, కూనలు పుట్టే వేళకు. తల్లి వాటిని వదలకుండా వెచ్చగా పొదువుకుని ఉన్నన్నాళ్ళూ మగనక్క ఆహారం తెచ్చిపెడుతుంది. జిత్తులమారి కథ చెప్పిన నోటితోనే ఈ సంగతీ చెప్పడం న్యాయమని నాకనిపిస్తుంది.

ఇదంతా ఫోనులో విన్న అనంతపురం తాత, తమ వైపు గుంటనక్క దట్టమైన చెట్లను వెతుక్కోదనీ, బీడు భూముల్లోనే చాలా ద్వారాలతో బొరియ చేసుకుంటుందనీ మనవడికి చెప్పారు. "వానొస్తే నీళ్ళు లోపలికి పోవా తాతా?" అని వాడు అడగడంతో, చదువుల గురించిన రెండు ప్రశ్నలతో ముగిసిపోయే వాళ్ళ సంభాషణ ఆ రోజు చాలాసేపు సాగింది.

బ్యాడ్జర్ల నివాసాన్ని పాడుచేయడం, దారి మూసివేయడం, అందులోకి కుక్కను పంపడం 1992 నాటి చట్టం ప్రకారం ఇక్కడ నేరం. కాబట్టి చూపించదలచినవారు వసంతకాలపు సాయంత్రాల్లో, గాలి బొరియ వైపు నుంచి తమ వైపు వీచే చోటు చూసుకుని, పిల్లలతో దూరంగా కూర్చోవాలి. ద్వారంలో పుల్ల పెట్టి కదపడం గానీ, టార్చి వేయడం గానీ చేయనివ్వకూడదు.