లైసెన్స్ చేతికొచ్చింది: మంచుకీ మా స్టాఫ్‌కీ దణ్ణం

నిన్న సాయంత్రం నా టీచింగ్ లైసెన్స్ వచ్చింది. పదేళ్ళ రెన్యూవబుల్ లైసెన్స్, మ్యాథ్స్ ఎండార్స్‌మెంట్‌తో (లెక్కలు చెప్పొచ్చన్న అనుమతి) సహా. వర్జీనియాలో హైస్కూల్లో చేరినప్పుడు నాకిచ్చింది ప్రొవిజనల్, అంటే తాత్కాలిక లైసెన్స్. దానికి మూడేళ్ళే గడువు, 2025 జూన్ 30తో సరి. ఆలోపు బాకీ ఉన్నవన్నీ పూర్తి చేయకపోతే ఉద్యోగం కష్టమే. సంతోషం ఇంకా తగ్గకముందే రాసేస్తున్నాను, ఈ దారిలో ఉన్న మన టీచర్లకి పనికొస్తుంది.

లైసెన్స్ కోసం రాయాల్సిన ప్రాక్సిస్ అనే పరీక్ష, మ్యాథ్స్‌ది, మొదటిసారే పాసయ్యాను. మన దగ్గర ఇంటర్‌కి లెక్కలు చెప్పినవాళ్ళు దానికి భయపడక్కర్లేదు. సీపీఆర్ ట్రైనింగ్ ఒక శనివారంలో అయిపోయింది. డిస్లెక్సియా, చైల్డ్ అబ్యూస్ మాడ్యూళ్ళు ఇంట్లో కూర్చుని చేసేశాను.

అసలు చిక్కు నా బీఎస్సీ దగ్గర వచ్చింది. నాది ఎంపీసీ. మార్కుల మెమోలో ఏముంటుంది? మ్యాథమెటిక్స్ పేపర్-1, పేపర్-2, పేపర్-3, అంతే. ఇక్కడి లైసెన్స్ వాళ్ళకి కావలసింది వేరు. లీనియర్ ఆల్జీబ్రా చదివావా, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా చదివావా, ఒక్కోదానికి ఎన్ని సెమిస్టర్ అవర్లు (క్రెడిట్లు) అని విడివిడిగా చూస్తారు. నేను అవన్నీ చదివాను. మొదటి ఏడాది డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, సాలిడ్ జామెట్రీ. రెండో ఏడాది అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్. మూడో ఏడాది లీనియర్ ఆల్జీబ్రా, వెక్టర్ కాలిక్యులస్. కానీ మెమో మీద ఆ పేర్లు లేవు కాబట్టి మన డిగ్రీని ఇక్కడి చదువుతో పోల్చి చూసే ఇవాల్యుయేషన్ రిపోర్టులో కొన్ని కోర్సులు తక్కువని తేల్చారు. యూనివర్సిటీ ముద్ర వేసిన సిలబస్ తెప్పించుకోవాలి, లేదంటే డబ్బు కట్టి అవే కోర్సులు ఇక్కడ మళ్ళీ చదవాలి.

ఇక మా యూనివర్సిటీ ఆఫీసు సంగతి. పేరు చెప్పను, చదువు చెప్పిన చోటు కదా. అక్కడ పొద్దున్న పదిన్నరకి కౌంటర్ తెరిస్తే చలికాలంలో ఇక్కడ సరిగ్గా అర్ధరాత్రి. నేను ఐదింటికి లేచి స్కూలుకి పరిగెత్తాలి. సెలవు పెడదామంటే లీవు పోతుంది, పైగా సబ్‌స్టిట్యూట్‌కి ప్లాన్లన్నీ రాసిపెట్టి వెళ్ళాలి. అలా నవంబరు, డిసెంబరు గడిచిపోయాయి. మిగిలింది సంక్రాంతి ముందు వారం ఒక్కటే. భోగి దగ్గరపడ్డాక ఏ ఆఫీసులో ఎవరు దొరుకుతారు?

సరిగ్గా ఆ వారమే మంచు పడింది. క్రిస్మస్ సెలవులయ్యాక జనవరి 6న బడి తెరవాలి. ముందురోజు సాయంత్రమే రేపు స్కూళ్ళు బంద్ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. తర్వాత కూడా రోజూ రేపు లేదు, రేపు లేదు అని మెసేజ్‌లే. ఇక్కడ ఏడాదికి 180 రోజులు గానీ 990 గంటలు గానీ బడి నడవాలని రూలు. గంటలు ముందే ఎక్కువ పెట్టుకున్న జిల్లాల్లో ఇలాంటి సెలవులకి జూన్‌లో మళ్ళీ బడి పెట్టరు. లీవు పోదు, ప్లాన్లు రాయక్కర్లేదు. దేవుడు పంపిన సెలవులవి నాకు.

రాత్రంతా మేలుకుని ఫోన్ పట్టుకున్నాను. మా తమ్ముడు నేను రాసిచ్చిన ఆథరైజేషన్ లెటర్ తీసుకుని అక్కడ కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. పరీక్షల విభాగం వాళ్ళు అకడమిక్ సెక్షన్‌కి వెళ్ళమన్నారు. అకడమిక్ వాళ్ళు పరీక్షల విభాగమే ఇవ్వాలన్నారు. చలానా కట్టి వెళ్తే ఆ హెడ్డు కింద కాదు, ఇంకో హెడ్డు కింద కట్టాలన్నారు. నేనే మాట్లాడతానని తమ్ముడితో స్పీకర్ పెట్టించాను. ఆ గుమస్తా వెనకున్న లైనంతా వినేలా, "ఏమ్మా, డాలర్లు కావలసొచ్చేసరికి మేం గుర్తొచ్చామా? అంత అవసరమైతే ఫ్లైటెక్కి రండి" అన్నాడు. మా తమ్ముడు తల దించుకున్నాడట. నాకు చేతులు వణికాయి. ఇన్నేళ్ళుగా పాఠాలు చెప్పిన మనిషిని, ఒక్క పిల్లాడి చేత కూడా అలాంటి మాట పడలేదు. నేను అడిగింది దానం కాదు, ఫీజు కట్టి చదివిన చదువుకి రుజువు. అక్కడ కూర్చునేది జనం డబ్బుతో జీతం తీసుకుని జనానికి పని చేయడానికే. ఈ మాట ఆయన చదివినా నాకు భయం లేదు.

మర్నాడు తమ్ముడు ఆ కౌంటర్ జోలికే పోకుండా నేరుగా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళాడు. సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ చూసే ప్రొఫెసర్ గారు బీరువా తీసి పాత సిలబస్ పుస్తకం వెతికి, ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి, స్టాంపు వేయించి ఇచ్చారు. ఒక్క పూటలో అయిపోయింది! మీరూ సెక్షన్ల చుట్టూ తిరగకండి, ముందు డిపార్ట్‌మెంట్‌లో అడగండి.

ఆ కాగితాలు స్కాన్ అయి వచ్చేసరికి ఇక్కడ మళ్ళీ బడి తెరిచారు, రెండు గంటల డిలేతో. నాకు నిద్ర లేదు. నాతో కలిసి క్లాసు చెప్పే స్పెషల్ ఎడ్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల) టీచర్ నా మొహం చూసి "నువ్వు కూర్చో, ఫస్ట్ బ్లాక్ (మొదటి పీరియడ్) నాది" అని మార్కర్ లాక్కుంది. స్పానిష్ టీచర్ ఆ వారం నా బస్ డ్యూటీ చేశాడు, నేను అడగకుండానే. మంచులో బండి నడపడం నాకు భయమని పక్క గది టీచర్ రోజూ వచ్చి ఎక్కించుకుంది.

మా స్కూల్లో మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ చెయిర్, అంటే హెడ్, ఆవిడ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫిబ్రవరిలో మళ్ళీ మంచు పడి బడి మూశారు. ఆ రోజు ఆవిడ తన ఇంట్లో, నేను మా ఇంట్లో, వీడియో కాల్‌లో కూర్చున్నాం. మన పేపర్-2లో ఏ యూనిట్ ఇక్కడి ఏ కోర్సుకి సరిపోతుందో, దానికి ఎన్ని గంటలో లైను లైనుకీ పట్టిక వేసింది. రింగులు, ఫీల్డులు ఉన్న యూనిట్ చూసి "ఇది నేను కాలేజీ మూడో ఏడాదిలో చదివాను" అంది. ఆ ముక్కే పక్కన రాసి సంతకం పెట్టింది. ఆవిడకి అది సెలవు రోజు, ఇంట్లో మనవలున్నారు. అయినా చీకటి పడేదాకా లేవలేదు. ఆ పట్టిక, సిలబస్ కలిపి పంపాక లైసెన్స్ ఆఫీసు నుంచి మళ్ళీ ఒక్క ప్రశ్న రాలేదు.

ఇండియా నుంచి బయల్దేరే టీచర్లకి ఒక్కటే చెప్తాను: విమానం ఎక్కేముందే బీఎస్సీ, బీఈడీ సిలబస్‌లు అటెస్ట్ చేయించి రెండేసి కాపీలు పెట్టెలో వేసుకోండి. ఆవకాయ సీసా ఒకటి తగ్గినా ఫర్వాలేదు. మా జిల్లాలోనే ఇంకో తెలుగు టీచర్ ఇప్పుడు ఇదే ప్రొవిజనల్ మీద ఉంది. మా చెయిర్ వేసిన పట్టిక ఆవిడకి పంపేశాను.