ఎర్ర జాక్‌లో పసుపు పిన్ను

ఆదివారం. బల్ల మీద రెండున్నాయి. ఒకటి తొంభైల పిల్లలందరికీ తెలిసిన క్యాసెట్ల వీడియో గేమ్, అంటే నింటెండో ఫ్యామికామ్‌కి నకలు. రెండోది పీఎస్2, అంటే సోనీ ప్లేస్టేషన్ 2. ఎదురుగా 43 అంగుళాల స్మార్ట్ టీవీ. దాని వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు మూడు, హెడ్‌ఫోన్‌ది లాంటి ఏవీ రంధ్రం ఒకటి. రెండు గేములకీ ఫిర్యాదు ఒకటే, బొమ్మ సరిగ్గా రావట్లేదని. ఇలాంటప్పుడు చాలామంది ముందు కన్వర్టర్ డబ్బా కొనేస్తారు, తర్వాత ఆలోచిస్తారు. గేమ్ లోంచి ఎలాంటి సిగ్నల్ బయటికొస్తోంది, టీవీ దాన్ని ఏమనుకుంటోంది అన్న రెండు ప్రశ్నలూ తేలకుండా డబ్బు తియ్యడం దండగ.

ముందు క్యాసెట్ల గేమ్. ఏవీలో పెడితే తెర మీద 'నో సిగ్నల్', స్పీకర్లో బుర్రుమని మోత. ఆ మోతే ఆచూకీ. వీడియో సిగ్నల్ పోయి ఆడియో దారిలో పడితే సరిగ్గా అలాగే మోగుతుంది. తప్పు 3.5 ఎంఎం పిన్ను నుంచి మూడు రంగుల జాకులుగా చీలే వైరుది. ఆ పిన్నుకి నాలుగు భాగాలు: కొన, రెండు రింగులు, మొదలు. ఏ భాగం దేనికన్నది తయారీదారుకో రకం. చాలావాటిలో కొన ఎడమ ఆడియోకే ఉంటుంది. గ్రౌండ్ మాత్రం కొన్నింట్లో రెండో రింగు, కొన్నింట్లో మొదలు. గ్రౌండ్ కలిసిందంటే పని తేలిక. గేమ్ నుంచి వచ్చే పసుపు పిన్నుని పసుపు జాక్‌లోంచి పీకి ఎర్రదాంట్లో పెట్టి చూడాలి, కాకపోతే తెల్లదాంట్లో. ఇవాళ ఎర్రదాంట్లో బొమ్మ పడింది. గ్రౌండే తేడా అయితే ఎన్ని జాకులు మార్చినా లాభం లేదు. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (రెండు కొసలు కలిసి ఉంటే బీప్‌మనే సెట్టింగ్) పెట్టి, జాక్ బయటి రేకు పిన్నులో ఏ భాగానికి కలుస్తోందో చూసి, టీవీ మాన్యువల్‌లోని బొమ్మతో పోల్చుకోవాలి. టీవీతో పాటు అట్టపెట్టెలో వచ్చిన వైరు పారేయొద్దనేది ఇందుకే.

బొమ్మైతే పడింది గానీ నలుపు తెలుపు. టీవీ మెనూలో కలర్ సిస్టమ్ ఎన్‌టీఎస్‌సీ మీద ఉంది, ఎవరు మార్చారో. ఆటో పెడితే రంగులొచ్చాయి. మన దగ్గర అమ్మినవి పాల్ రకం, రంగు 4.43 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన సెట్టయితే ఎన్‌టీఎస్‌సీ, 3.58. ఆటోలో తేలకపోతే ఒక్కొక్కటీ చేత్తో మార్చి చూడటమే.

ఇక అసలు రోగం. తెర మీద రెండు వెడల్పాటి నీడ పట్టీలు, మెల్లగా పైకి పాకుతున్నాయి. ఈ పట్టీల్ని లెక్కపెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. అడాప్టర్‌లో నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాటాక అది 100 హెర్ట్జ్ అల అవుతుంది. గేమ్ సెకనుకి 50 సార్లు బొమ్మ గీస్తుంది, కాబట్టి తెరకి రెండు అలలు, రెండు పట్టీలు. రెండుంటే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయిందని అర్థం. ఒక్కటే ఉంటే ముందు డయోడ్లని అనుమానించాలి. అడాప్టర్ విప్పితే 1000 మైక్రోఫారడ్ 16 వోల్టుల కెపాసిటర్, నెత్తి ఉబ్బి ఉంది. 2200 మైక్రోఫారడ్ 25 వోల్టులది పెట్టి టంకం వేస్తే పట్టీలు పోయాయి. గేమ్ లోపల 7805 రెగ్యులేటర్ (వోల్టేజీని 5 దగ్గర నిలబెట్టే చిప్పు) మూడో కాలి దగ్గర 5.02 వోల్టులు. 4.8 కంటే తక్కువుంటే బొమ్మ కన్నా ముందు ఆటే తిక్కతిక్కగా ఆగిపోతుంటుంది. ఆ 7805కి లోపలికి కనీసం 7 వోల్టులు అందాలి. పాత అడాప్టర్ 9 అని రాసి ఉన్నా లోడు పడగానే దిగిపోతుంది, అందుకే గేమ్ ఆన్‌లో ఉండగానే కొలవాలి.

కొత్త 9 వోల్టుల అడాప్టర్ కొనేవాళ్లు పిన్ను ధ్రువం చూసుకోకపోతే చిప్పులు కాలతాయి. ఫ్యామికామ్‌ది లోపల మైనస్, బయట ప్లస్. నకళ్లలో రెండు రకాలూ ఉన్నాయి. పెట్టె మీద గుర్తు చెరిగిపోతే విప్పి, జాక్‌లో ఏ కొస 7805 మధ్య కాలికి కలుస్తోందో చూడాలి. మధ్య కాలు గ్రౌండ్, అంటే మైనస్.

ఏవీ అవుట్ చెడిపోయి యాంటెన్నా వైరు మాత్రమే పనిచేసే సెట్లకి ఒక మాట. అనలాగ్ ట్యూనర్ ఉన్న టీవీలో మాన్యువల్ ట్యూనింగ్ చేస్తే బొమ్మ దొరుకుతుంది, సౌండ్ మాత్రం బుస్సుమంటుంది. మన పద్ధతిలో శబ్దం బొమ్మకి 5.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది, చైనా పద్ధతిలో 6.5. ట్యూనింగ్ మెనూలోనే సౌండ్ సిస్టమ్ 'బీజీ' నుంచి 'డీకే'కి మారిస్తే సరిపోతుంది.

పట్టీలు పోయాక మిణుకు మిగిలింది. దీని మీదే జనానికి గందరగోళం ఎక్కువ. టీవీ ప్రసారంలో బొమ్మ రెండు విడతలుగా వస్తుంది, ఒక్కో విడతని ఫీల్డు అంటారు. ఒక్కో ఫీల్డుకి 312న్నర గీతలు. ఆ సగం గీత వల్లే ఒక ఫీల్డు సరి గీతల మీద, తర్వాతది బేసి గీతల మీద పడుతుంది. పాత గేములు ఆ సగం వదిలేసి 312 గీతలే పంపుతాయి (ఎన్‌టీఎస్‌సీలో 262), కాబట్టి ప్రతి ఫీల్డూ అదే గీతల మీద పడుతుంది. దీన్నే 240పీ అంటారు. పాత పిక్చర్ ట్యూబ్ డబ్బా టీవీకి ఈ తేడాతో పనిలేదు, వచ్చినట్టు గీసేస్తుంది. కొత్త టీవీ మాత్రం ఇది మామూలు ప్రసారమే అనుకుని, రెండు వరస ఫీల్డుల్ని కలిపి ఒక బొమ్మగా కుడుతుంది. పరిగెత్తే బొమ్మల అంచులు దువ్వెన పళ్లలా చీలడం అందువల్లే. దెబ్బ తిన్నాక మినుకుమినుకుమనే హీరో సగం గీతలతో కనిపించడమో, పూర్తిగా మాయమవడమో కూడా ఇందుకే.

ఫ్యామికామ్ చిప్పు ఒక అడ్డగీత మీద 8 స్ప్రైట్లకు (కదిలే చిన్న బొమ్మ ముక్కలు) మించి గీయలేదు. శత్రువులు ఎక్కువైతే ఆటే వాళ్లని వంతులేసి చూపిస్తుంది. ఆ మిణుకు డబ్బా టీవీలోనూ ఉండేది, అది ఎవరి తప్పూ కాదు. శత్రువులు గుమిగూడని చోట కూడా అంచులు చీలితే అప్పుడు టీవీని తప్పుపట్టాలి.

మందు? చౌక ఏవీ-హెచ్‌డీఎంఐ డబ్బాలు ఎక్కువగా ఇదే పొరపాటు చేస్తాయి, పైగా 4:3 బొమ్మని 16:9కి సాగదీస్తాయి. 240పీని గుర్తుపట్టేవి వేరే ఉన్నాయి. రెట్రోటింక్ రకాలు చాలావరకు పసుపు పిన్ను సిగ్నల్ నేరుగా తీసుకుంటాయి. ఓఎస్ఎస్‌సీ అనే డబ్బా మంచిదే గానీ దానికి రంగుల్ని విడివిడి వైర్లలో పంపే ఆర్‌జీబీ, కాంపొనెంట్, వీజీఏ లాంటి సిగ్నల్ కావాలి, పసుపు పిన్ను పనికిరాదు. ఈ నకళ్ల బొమ్మ చిప్పు పుట్టుకతోనే పసుపు పిన్ను సిగ్నలే ఇస్తుంది, ఆర్‌జీబీ బయటికి రానే రాదు. అలాంటి సెట్టుకి ఓఎస్ఎస్‌సీ కొనడం అనవసరం. నా మటుకు నేనైతే క్యాసెట్ల గేమ్‌కి ఏ డబ్బా కొనను. టీవీలో 4:3 పెట్టి, షార్ప్‌నెస్ సున్నాకి దించి, నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ ఆపేస్తే చాలావరకు కళ్లకి ఇంపుగానే ఉంటుంది.

మధ్యాహ్నం పీఎస్2. కింద ఫ్లాట్ అన్న దాని వెనక పెట్టే హెచ్‌డీఎంఐ బుల్లి డబ్బా కొన్నాడు. పెడితే రంగులన్నీ తేడా, బొమ్మ నిలవదు. ఆ డబ్బా కాంపొనెంట్ సిగ్నల్ కోసం చూస్తుంటే పీఎస్2 ఆర్‌జీబీ పంపుతోంది. డిస్కు లేకుండా ఆన్ చేసి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో కాంపొనెంట్ వీడియో అవుట్ దగ్గర 'వై సీబీ/పీబీ సీఆర్/పీఆర్' ఎంచుకోవాలి. మరి తెరే కనిపించకపోతే మెనూలో తిరగడం ఎలా? మామూలు పసుపు వైరు పెడితే చాలు, దాని బొమ్మ ఈ సెట్టింగ్‌తో సంబంధం లేకుండా వస్తుంది. మార్చేసి మళ్లీ డబ్బా పెట్టాలి.

తర్వాత ఆటలు బాగానే వచ్చాయి, పీఎస్1 డిస్కు వెయ్యగానే తెర నల్లబడింది. డిస్కూ లెన్సూ బాగానే ఉన్నాయి. పీఎస్1 ఆటలు చాలావరకు 240పీలో నడుస్తాయి, చాలా టీవీలు హెచ్‌డీఎంఐలో దాన్ని ఒప్పుకోవు. వాటికి పసుపు వైరే గతి, లేదా 240పీ తెలిసిన కన్వర్టర్ డబ్బా. పీఎస్2 ఆటల్లో కొన్నిటికి మొదలయ్యేటప్పుడు ఎక్స్, త్రికోణం రెండూ కలిపి నొక్కి ఉంచితే 480పీ (గీతలన్నీ ఒకే విడతలో వచ్చే బొమ్మ) కావాలా అని అడుగుతుంది. అది దొరికితే అంచుల చీలిక సమస్యే ఉండదు. పాల్ డిస్కుల్లో ఆ సదుపాయం చాలాసార్లు తీసేశారు, అదే బాధ.

బటన్ నొక్కితే ఆలస్యంగా ఎగురుతున్నాడని కూడా అన్న అన్నాడు. టీవీలో గేమ్ మోడ్ పెడితే చాలావరకు తగ్గింది. ఆలస్యం 100 మిల్లీసెకన్లంటే 50 హెర్ట్జ్ ఆటలో అయిదు ఫ్రేములు, గోతి అంచున దూకాల్సినవాడు గోతిలోనే పడతాడు. కొన్ని టీవీల్లో ఏవీ రంధ్రానికి గేమ్ మోడ్ ఉండదు, హెచ్‌డీఎంఐకే ఉంటుంది. డబ్బా కొనడానికి న్యాయమైన కారణం ఇదొకటి.

క్యాసెట్ల గేమ్‌లో బాతుల్ని కాల్చే తుపాకీ మాత్రం అడగొద్దన్నాను. ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక ఫ్రేము తెరంతా నల్లగా చేసి, వెంటనే బాతు ఉన్నచోట తెల్ల చదరం వేస్తుంది. ఆ క్షణంలోనే తుపాకీకి వెలుగు అందాలి. ఎల్‌సీడీలో ఆ చదరం కొన్ని ఫ్రేములు ఆలస్యంగా వస్తుంది, అప్పటికి ఆట 'తప్పింది' అని రాసేసుకుని ఉంటుంది. పైగా అసలు తుపాకీలోని సర్క్యూట్ డబ్బా టీవీ గీతలు గీసే వేగానికి, సెకనుకి సుమారు 15 వేల మెరుపులకి, స్పందించేలా కట్టింది. ఎల్‌సీడీ వెలుగులో ఆ మెరుపులుండవు. ఏ కన్వర్టరూ దీన్ని బాగుచెయ్యదు.

ఈసారి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే తేవాల్సినవి: 2200 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్లు, 7805లు, మంచి 3.5 ఎంఎం ఏవీ వైరు ఒకటి. కొనేముందు షాపులోనే మీటర్ పెట్టి గ్రౌండ్ చూసుకోవాలి.