సంకల్పంలో ‘గురువాసరే’

పూజకు ముందు చెప్పుకునే సంకల్పంలో తిథి, నక్షత్రాల కోసం పంచాంగం తిరగేస్తాం. వారం దగ్గరికొచ్చేసరికి గోడమీది క్యాలెండర్ చాలనుకుంటాం. తప్పు దొర్లేది అక్కడే. వారం మారేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి. శుక్రవారం తెల్లవారుజామున 4 గంటలకు దీపం పెట్టి సంకల్పం చెప్పుకుంటే ‘గురువాసరే’ (గురువారం) అనాలి, ‘భృగువాసరే’ (శుక్రవారం) కాదు. అమెరికాలో కొందరు ఇండియా లైవ్ పూజ చూస్తూ గురువారం రాత్రే ‘భృగువాసరే’ అనేస్తుంటారు. మనం ఉన్న ఊరి సూర్యోదయమే లెక్క.

ఎందుకంటే, వారానికి పేరొచ్చిందే సూర్యోదయపు హోర వల్ల. హోర అంటే రోజులో ఒక్కో గ్రహానికి చెందిన గంట. నిదానంగా నడిచే గ్రహం నుంచి వరస పెడితే శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర. గురువారం పొద్దుపొడుపున మొదటి హోర గురుడిది. గంటకొకరు చొప్పున మూడు చుట్లు తిరిగితే 21. ఇరవైరెండోది మళ్లీ గురుడు, తర్వాత కుజుడు, రవి. మర్నాటి పొద్దున 25వది శుక్రుడిది. వేళ్లమీద లెక్కపెట్టి చూసుకోండి. ‘అహోరాత్ర’లో మొదటి, చివరి అక్షరాలు పోతే ‘హోర’ అని కొందరంటారని ప్రాచీన జ్యోతిష్కుడు వరాహమిహిరుడు చెబుతాడు గానీ, గ్రీకులోనూ అదే మాట ఉంది. అటునుంచే వచ్చిందనడం సబబు.

అలా వచ్చిన వారం పేరు గుళ్లోనూ చోటు చేసుకుంది. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో గుప్త చక్రవర్తి బుధగుప్తుడి కాలంలో, గుప్త సంవత్సరం 165 (క్రీ.శ. 484) ఆషాఢ శుద్ధ ద్వాదశినాడు జనార్దనుడికి ఎత్తిన ధ్వజస్తంభం మీద ‘సురగురోర్దివసే’ అని చెక్కి ఉంది. వారం పేరున్న మన తొలి శాసనాల్లో అదొకటి. సురగురువంటే బృహస్పతే.

ఆ బృహస్పతే థాయి, బర్మా భాషల్లోనూ ఈ వారానికి పేరయ్యాడు. రోమన్లకిది జూపిటర్ రోజు, ఇంగ్లీషువాళ్లకు ఉరుముల దేవుడు థోర్ రోజు. తమిళులు ఆ గ్రహానికి తమకున్న ‘వియాళన్’ పేరే పెట్టుకున్నారు. తెలంగాణలో నోట్లో నలిగి బేస్తవారమైంది. హైదరాబాదు ముస్లింలది జుమేరాత్, అంటే జుమ్మాకు ముందు రాత్రి. వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది మరి.

కోస్తాలో అసలు గ్రహమే తప్పుకుని అమ్మవారొచ్చింది: లక్ష్మివారం. పక్కనున్న ఒడిశాలోనూ మార్గశిర గురువారాలు లక్ష్మివే. విశాఖ కనకమహాలక్ష్మి గుడి ఆ నెలంతా కిటకిటలాడుతుంది. ఇంట్లో అయిదు లక్ష్మివారాల నోము పట్టేవారి నైవేద్యాల వరస: మొదటివారం పులగం, రెండోవారం అట్లు, తిమ్మనం, మూడోవారం అప్పాలు, పరమాన్నం, నాలుగోవారం చిత్రాన్నం, గారెలు. నెలలో నాలుగే లక్ష్మివారాలు పడితే కంగారొద్దు. పుష్యంలో మొదటి లక్ష్మివారాన్ని అయిదోదిగా పట్టి పూర్ణం బూరెలు పెడతారు.