ముందు రాత, తర్వాతే మాట

"ఎవరికైనా ఏమైనా ఐడియాలున్నాయా?" అని మీటింగ్‌లో మేనేజర్ అడుగుతారు. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎప్పుడూ మాట్లాడే ఆ ఇద్దరే అందుకుంటారు. మిగతావాళ్ల దగ్గర చెప్పడానికేమీ లేదని అక్కడితో తేల్చేస్తారు.

ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలి, వంతు కోసం కాచుకోవాలి, తాము అనుకున్నది మరిచిపోకుండా పట్టుకోవాలి. ఈలోపు ఆలోచన జారిపోతుంది. గుంపుగా కూర్చుని ఆలోచించినప్పుడు ఐడియాలు తగ్గడానికి ప్రధాన కారణం ఈ ఎదురుచూపేనని 1987లో డీల్, స్ట్రోబె అనే సైకాలజిస్టుల ప్రయోగాల్లో తేలింది. బెదురు, బద్ధకం దాని తర్వాతే.

అందుకే ముందు రాయించాలి. 1968లో జర్మనీకి చెందిన బెర్న్డ్ రోర్‌బాఖ్ చెప్పిన 6-3-5 పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. ఆరుగురు, తలా ఒక కాగితం. ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాసి కాగితాన్ని పక్కవాళ్లకివ్వాలి. వాళ్లు పైవి చదివి, వాటిని పెంచుతూనో, కొత్తవో, కింద మరో మూడు రాస్తారు. ఆరు విడతల్లో, అరగంటకు 108. ఒకేలాంటివి బోలెడుంటాయి, ఫరవాలేదు. నాలుగో విడతకొచ్చేసరికి చదవాల్సింది పెరుగుతుంది కనక అక్కణ్నుంచి ఏడు నిమిషాలివ్వండి.

అసలు దెబ్బతినేది ప్రశ్న దగ్గరే. "పని ఎలా మెరుగుపరచాలి?" అంటే కాగితాలు ఖాళీగా తిరిగొస్తాయి. "బిల్లు పాసవడానికి తొమ్మిది రోజులు పడుతోంది, ఐదుకు దించాలంటే ఏ సంతకం తీసేయొచ్చు?" అంటే పెన్నులు కదులుతాయి. మేనేజర్ మాత్రం ఆ ఆరుగురిలో ఉండకూడదు. సార్ చేతిరాత కింద కాదని రాసేవాళ్లెవరు?

మన ఆఫీసుల్లో ఇంకో చిక్కు ఇంగ్లిష్. వాక్యం తప్పుపోతుందేమోనని విషయమే మింగేస్తారు. "తెలుగులో రాయొచ్చు" అని ఊరికే అంటే నమ్మరు. బోర్డు మీద ప్రశ్ననే తెలుగులో రాయండి.

తర్వాత చర్చ. కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టి పైవాళ్లు ఆఖర్న మాట్లాడాలి. అందరి ముందూ "ఏంటి, మీరేం మాట్లాడరేం?" అంటే ఆ మనిషి ఇంకా ముడుచుకుపోతారు. ముందురోజే విడిగా "రేపు ఈ ఒక్క విషయం మీద మిమ్మల్ని అడుగుతాను" అని చెబితే సిద్ధమై వస్తారు.

ఇంత చేశాక చాలాచోట్ల జరిగే తప్పు ఒకటుంది. "మంచి ఐడియా! మీరే చూసుకోండి" అనడం. ఉన్న పని మీద ఇంకో పని! మరుసటిసారి ఆ కాగితంలో వాళ్ల వరుస ఖాళీ. కొత్త పని ఇస్తే పాతదేదో తీసేయాలి.

వారంలోపు ప్రతి ఆలోచన పక్కనా జవాబు పడాలి: చేస్తున్నాం, లేదా ఫలానా కారణంతో చేయట్లేదు, లేదా ఫలానా తేదీకి చెబుతాం. కాదన్నవి చెరిపేయకుండా కారణంతో సహా అందరికీ కనబడేచోట అంటించండి.