అమ్ముడుపోని నీలం గుర్రాలు

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు హాల్లో బొమ్మ గుర్రాల అరలు చూసి "పాపవా?" అంటారు, కాదు నావే అంటే ఓ నవ్వు నవ్వి టీవీ వైపు తిరిగిపోతారు. చెప్పడానికి బోలెడుంది, అడిగేవాళ్లే లేరు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేను కొనేవి ఎక్కువగా బ్రేయర్ గుర్రాలు, అందులోనూ పాతవి. 1950లో షికాగోలోని బ్రేయర్ మోల్డింగ్ కంపెనీ ఒక గడియారాల కంపెనీ కోసం, గడియారానికి అలంకారంగా ఒక ప్లాస్టిక్ గుర్రాన్ని పోతపోసింది. జనం గడియారం సంగతి వదిలేసి గుర్రాన్ని విడిగా ఇస్తారా అని అడగడం మొదలుపెట్టారు, అంతే, ఇక గుర్రాలే గుర్రాలు. పెద్ద సైజువి అసలు గుర్రంలో తొమ్మిదో వంతు ఉంటాయి. సెల్యులోజ్ ఎసిటేట్‌తో రెండు సగాలుగా పోసి, అంటించి, అతుకు కనబడకుండా చేత్తో రుద్ది, రంగు కూడా మనుషులే వేస్తారు. కాబట్టి ఒకే అచ్చులో వచ్చినా ఒకదానికి కళ్లు చురుగ్గా ఉంటే ఇంకోదానిది నిద్రమొహం.

నాకు సరదా ఏంటంటే, అప్పట్లో కంపెనీకి తలనొప్పి తెచ్చినవాటికే ఇప్పుడు గిరాకీ. 1960లలో డెకరేటర్లని కొన్ని తెచ్చారు, వెడ్జ్‌వుడ్ బ్లూ అని నీలం ఒంటికి తెల్ల జూలు, ఫ్లోరెంటైన్ అని బంగారు మచ్చలు. పిల్లలకేమో గుర్రంలా ఉండే గుర్రమే కావాలాయె, అవి షాపుల్లోనే ఉండిపోయాయి. ఇవాళ వేలంలో వాటి ధర చూస్తే నోరు మూసుకుని ఫోన్ పక్కన పడేస్తా.

నా స్థోమతకి అందేవి చాకీలు, అంటే రంగు కింద సుద్దలాంటి తెల్లపూత ఉన్నవి. 1970లలో చమురు సంక్షోభం వచ్చి తెల్ల ప్లాస్టిక్ దొరక్కపోతే, ఏ రంగుది దొరికితే దాంతో పోసి, పైన తెల్లరంగు పూసి, ఆపైన అసలు రంగు వేశారు. నా దగ్గరున్న ఒకదానికి తోక చివర గోరంత పెచ్చు లేచింది. పైన ముదురు గోధుమ, కింద సున్నం కొట్టినట్టు తెలుపు, ఇంకా కింద పొంతనే లేని బూడిదరంగు ప్లాస్టిక్, మూడూ ఒక్కచోటే కనబడతాయి. టచప్ చేయించమని మా ఆయన గొడవ. ససేమిరా చేయించను, చేయిస్తే లైవ్ షోలో ఒరిజినల్ ఫినిష్, అంటే కంపెనీ వేసిన రంగు అలాగే ఉన్నవాటి విభాగంలో పెట్టనివ్వరు కూడా.

లైవ్ షో అంటే బొమ్మ గుర్రాల పోటీ. బల్ల మీద జాతులవారీగా నిలబెడితే జడ్జి వంగి వంగి చూస్తారు, అతుకు దగ్గర రంగు పల్చబడిందా, కాలు వంగిందా అని. ఏటా జూలైలో కెంటకీ హార్స్ పార్కులో జరిగే బ్రేయర్‌ఫెస్ట్ అయితే ఇక తిరనాళ్లే. మా అమ్మకి ఈ గొడవంతా అక్కర్లేదు, దసరాకి వచ్చినప్పుడు బొమ్మల కొలువులో కల్కి లేని లోటు తీరిందంటూ నా తెల్లగుర్రాన్ని దశావతారాల చివర నిలబెట్టేసింది. బాగానే ఉందిలే.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే చిన్నవి, అరచేతిలో పట్టే స్టేబుల్‌మేట్స్‌తో మొదలుపెట్టండి, లేదా గరాజ్ సేల్స్‌లో గీతలు పడ్డవి చూడండి. గరాజ్‌లోనో అటక మీదో మాత్రం పెట్టకండి, ఎండాకాలం వేడికి కాళ్లు వంకర్లు పోతాయి. కొనేముందు ఓసారి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఎసిటేట్ పాడవుతున్నట్టే, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనండి.